మిస్ వెర్డెల్ చీటీలో ఖాళీ గీత

శనివారం పొద్దున్నే వెర్డెల్ హాస్కిన్స్ వంటింటి బల్ల మీద పసుపు కాగితం పరుచుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, చీటీ రాయడం మొదలుపెట్టింది. మంగళవారం ఎన్నికలు. జడ్జి పదవికి ఎవరు, స్కూలు బోర్డుకి ఎవరు, నగర కౌన్సిల్లో ఏడో వార్డుకి ఎవరు, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి చర్చి ఆఫీసులో మూడు వందల కాపీలు తీయిస్తుంది. ఏడో వార్డులో నల్లవాళ్ళ ఇళ్ళల్లో ముసలీముతకా అందరూ ఆ చీటీ చేతిలో పట్టుకునే ఓటుకి బయల్దేరతారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే వరస.

ఆ చీటీలోకి ఎక్కడం అంత తేలికేం కాదు. ఓటు కావాలన్నవాడు ఎంతటివాడైనా సరే, ముందు మిస్ వెర్డెల్ వంటింట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి. ఆమె చేసిన ‘పై’ అనే చిలగడదుంప తీపిరొట్టె ఒక ముక్క తినాలి. నోట్లో ముక్క ఉండగానే ఆమె మొదలుపెట్టేది. “మా ఓటు అక్కర్లేని రోజుల్లో మా వీధికి ఎప్పుడొచ్చావు నాయనా? గెలిస్తే మాకేం చేస్తావు? చెయ్యలేకపోతే మళ్ళీ ఇక్కడికొచ్చి ఆ మాట నా మొహం మీద చెప్తావా?” నీళ్ళు నమిలినవాడికి రెండో ముక్క దక్కేది కాదు. ఒక తెల్ల జడ్జిగారు నవంబరు చలిలో చెమటలు తుడుచుకుంటూ మెట్లు దిగాడని వార్డంతా నెల్లాళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారు. నల్లవాడు నిలబడితే మన పిల్లాడే కదా అని ఊరుకునే రకం కాదు ఆమె. ఇంకో నాలుగు ఎక్కువే అడిగేది.

అడగదూ మరి! మిసిసిపీలో ఆమె తల్లి ఓటరుగా పేరు రాయించుకోబోతే రెండుసార్లు రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీంచి గెంటేశారు. ఆవిడ మొదటి ఓటు వేసేనాటికి నలభై నాలుగేళ్ళు. అంత కష్టపడి తెచ్చుకున్న ఓటుని అడ్డమైనవాడికీ ఊరికే ఎందుకివ్వాలని వెర్డెల్ పట్టుదల.

కొడుకు సెడ్రిక్ నాలుగేళ్ళ క్రితం కౌన్సిల్‌కి నిలబడినప్పుడు అతని పేరు అన్నిటికన్నా పైన రాసి కింద రెండు గీతలు గీసింది. అప్పట్నించీ చర్చిలో ఆమె మాట్లాడే ప్రతి మాటా “మా సెడ్రిక్” దగ్గర మొదలై “మా సెడ్రిక్” దగ్గరే ఆగేది. ఈసారీ మొదట ఆ పేరే రాసింది. రాసి, మురిసిపోయి, పన్నెండు కావస్తుండగా ఒక పై ముక్క గిన్నెలో పెట్టుకుని పక్కింటి ఎర్నెస్టీన్ దగ్గరికి బయల్దేరింది.

ఎర్నెస్టీన్ పోలార్డ్, ఆమె యాభై ఏళ్ళ స్నేహితులు. ఎర్నెస్టీన్‌కి కిడ్నీలు చెడిపోయి మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. వెర్డెల్ వెళ్ళేసరికి ఆవిడ కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి, వాచిన కాళ్ళు వేణ్ణీళ్ళ టబ్బులో పెట్టుకునుంది.

“ఏమిటే ఈ అవతారం?”

“కాస్త ఊపిరి పీల్చుకోనీవే తల్లీ. ఆసుపత్రి నుంచి వేరే రూటు బస్సులో వచ్చి, దిగి పదకొండు వీధులు నడిచొచ్చాను.”

“నడవడమేమిటి? ముప్పై ఒకటో నంబరు బస్సు నీ గుమ్మం ముందే ఆగుతుందిగా!”

ఎర్నెస్టీన్ గిన్నె అందుకుని దాన్లోకి చూస్తూ, “ఆగస్టులోనే తీసేశారుగా,” అంది.

“ఎవరు తీసేశారు?”

“పోనిద్దూ. ఈసారి దాల్చినచెక్క సరిగ్గా పడిందే.”

“ఎర్నెస్టీన్! నిన్నే అడుగుతున్నా.”

“కౌన్సిల్ వాళ్ళే. ఆ రూటుకి ఇక డబ్బులివ్వలేమన్నారు. తీసెయ్యమని ఏడుగురు, వద్దని ఆరుగురు.” ఆవిడ చెంచాతో పై ముక్కని అటూ ఇటూ జరిపింది. “మన సెడ్రిక్ ఆ ఏడుగురిలోనే ఉన్నాడు.”

వెర్డెల్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. “మూడు నెలలుగా నడుస్తున్నావా? నాతో ఒక్క ముక్క అనలేదేమే? కారులో దింపేదాన్ని కదా!” అంది.

“ఏమని చెప్పమంటావ్? ఆదివారం చర్చిలో కొడుకు పేరెత్తినప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు, నేను చూశాను. నాకు నోరు రాలేదు. నాకే కాదు, ఎవరికీ రాలేదు.” ఎర్నెస్టీన్ తడి చెయ్యి తుడుచుకుని ముందుకి చాపింది. “సర్లే, చీటీ తెచ్చావా? ఎవరి పేరున్నా నువ్వు రాశావంటే ఏదో ఆలోచించే రాసుంటావు.”

వెర్డెల్‌కి తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చి చూస్తే బస్సు స్టాపు స్తంభం ఉండాల్సిన చోట కాలిబాటలో సిమెంటు మాసిక ఉంది. మూడు నెలలుగా రోజూ తన బ్యూక్ కారు ఆ మాసిక పక్క నుంచే వెనక్కి తీస్తోంది. కారున్న మనిషికి బస్సు ఆగిపోయిన సంగతి ఎందుకు కనిపిస్తుంది? వార్డంతటి తరఫున మాట్లాడే మిస్ వెర్డెల్, పక్కింటి మనిషి కాళ్ళు చూడలేకపోయింది. ఇంటికొచ్చి సింకు దగ్గర నిలబడి, పంపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

మధ్యాహ్నం రెండింటికి సెడ్రిక్ వచ్చాడు. నలభై మూడేళ్ళవాడు, ఇస్త్రీ కోటు, చేతిలో తన బొమ్మ అచ్చేసిన కాగితాల కట్ట.

“అమ్మా, చీటీలు రెడీయేనా? పై వాసన వీధి చివరిదాకా వస్తోంది.”

“కూర్చో.”

“నిలబడే తింటాలే, ఇంకా నాలుగు చోట్లకి తిరగాలి.”

“కూర్చోమన్నానా!”

ఆ గొంతు అతనికి చిన్నప్పట్నించీ తెలుసు. కూర్చున్నాడు.

“ముప్పై ఒకటో బస్సు తీసెయ్యడానికి చెయ్యెత్తావా?”

సెడ్రిక్ కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. “ఎవరు చెప్పారు? మిస్ ఎర్నెస్టీనా?”

“ఎవరు చెప్తే నీకెందుకు? ఎత్తావా లేదా?”

“ఎత్తాను. ఎత్తకపోతే పిల్లల ఆటల కేంద్రానికి పైకప్పు డబ్బులు రావని కౌన్సిల్ ప్రెసిడెంటు మొహం మీదే చెప్పాడు. అదో ఇదో తేల్చుకోమన్నాడు. పదముగ్గురిలో ఒకణ్ణి, నేనేం చెయ్యను?”

“కూర్చోమంటే కూర్చుని, చెయ్యెత్తమంటే ఎత్తడానికా నిన్ను పంపింది?”

“అంత తేలిగ్గా అనకమ్మా!” సెడ్రిక్ గొంతు లేచింది. “తెల్లవాడు గెలిస్తే రోడ్డు బాగుచెయ్యమని అడుగుతారు, చెయ్యకపోతే తిట్టుకుని ఊరుకుంటారు. నన్నో? అద్దె కట్టలేకపోయినా నేనే, లైటు వెలక్కపోయినా నేనే, మేనల్లుణ్ణి జైలు నుంచి విడిపించాలన్నా నేనే. వందేళ్ళుగా రావాల్సినవన్నీ నాలుగేళ్ళలో నేనొక్కణ్ణే తెచ్చిపెట్టాలి!”

“తెమ్మనే అడుగుతారు. నువ్వు వాళ్ళవాడివని నమ్మారు కాబట్టి అడుగుతారు. తేలేకపోతే తేలేనని చెప్పొచ్చుగా? బస్సు పోతోందని ఆ ముసలిదాని గుమ్మంలో నిలబడి ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా? దాక్కున్నావు కదరా!”

సెడ్రిక్ తల దించుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు.

“నువ్వు నన్ను అడగలేదమ్మా.”

“ఏమిటీ?”

“నాలుగేళ్ళ క్రితం. అందర్నీ ఈ కుర్చీలో కూర్చోబెట్టి అడిగావు. నేను వారం రోజులు అద్దం ముందు నిలబడి జవాబులు తయారు చేసుకున్నాను. చెయ్యలేకపోతే వచ్చి చెప్తావా అని అడుగుతావని, దానికేం చెప్పాలా అని భయపడి చచ్చాను. తీరా కూర్చుంటే నువ్వు రెండు ముక్కలు పెట్టి ‘తిను బంగారం’ అన్నావు. హమ్మయ్య అనుకున్నాను. నువ్వే అడగలేదు, ఇంకెవరడుగుతారు అనుకున్నాను. నిజంగా ఎవరూ అడగలేదు.”

 కొడుకు తప్పించుకోవడానికి ఆ మాట అనలేదని వెర్డెల్‌కి తెలుసు. ఆ రోజు ఆమెకి బాగా గుర్తే. పిండి పిసుకుతూ పాట పాడింది. కన్నకొడుకుని పరాయివాణ్ణి అడిగినట్టు అడగడమేమిటని నవ్వుకుంది కూడా. మూడు వందల మంది తన మాట మీద ఓటేశారు, తనేమో తల్లి ముచ్చట తీర్చుకుంది.

“తప్పు నాది కూడా,” అంది. “నీ తప్పుకి నువ్వు జవాబు చెప్పుకో. నా తప్పుకి నేను చెప్పుకుంటాను.” పసుపు కాగితం లాక్కుని, ఇంకో కాగితం తీసి, కొత్తగా రాసింది. కౌన్సిల్ దగ్గర పేరు రాయలేదు. ఒట్టి గీత గీసి వదిలేసింది.

సెడ్రిక్ మొహం పాలిపోయింది. “అమ్మా! కన్నతల్లే కొడుకు పేరు తీసేసిందని వార్డంతా తెలుస్తుంది. ఓడిపోతాను.”

“ఓడిపోవచ్చు,” అంది వెర్డెల్. 

మర్నాడు చర్చిలో చీటీలు పంచే వేళ ఆమె లేచి నిలబడింది. “ఈ గీత నేను మర్చిపోయి వదల్లేదు. నాలుగేళ్ళ కిందట నేను ఒకణ్ణి ఏమీ అడక్కుండా మీ చేత ఓటేయించాను, వాడు నా కొడుకు కాబట్టి. మీ బస్సు పోయినా మీరు నా మొహం చూసి నోరు మూసుకున్నారు. నాకు సిగ్గుగా ఉంది. ఈసారి ఆ గీత మీద ఎవరి పేరో మీరే రాసుకోండి.” మామూలుగా ఆమె మాటకి మాట కలిపే జనం ఆ రోజు చీటీల్లోకే చూస్తూ కూర్చున్నారు. వెనక వరసలో సెడ్రిక్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

మంగళవారం తెల్లవారుతుండగా ఎర్నెస్టీన్ గుమ్మంలో సెడ్రిక్ నిలబడున్నాడు. చప్పుడు విని వెర్డెల్ కోటు తగిలించుకుని బయటికొచ్చింది.

“మిస్ ఎర్నెస్టీన్, కారు తెచ్చాను. మిమ్మల్ని నేను దింపుతాను.”

“ఇవాళ దింపుతావు. ఎల్లుండో?” ఆవిడ చేతిసంచీ అతని చేతికిచ్చింది. “కారు ఇక్కడే ఉంచి నాతో నడువు.”

ముగ్గురూ నడిచారు. ఎర్నెస్టీన్ ప్రతి మలుపు దగ్గరా ఆగి గోడ పట్టుకుంటోంది. ఆవిడ ఆగినప్పుడల్లా సెడ్రిక్ కూడా ఆగి నేలచూపులు చూస్తున్నాడు. ఏడో వీధి దాటాక ఇక తట్టుకోలేకపోయాడు.

“నన్ను క్షమించండి, మిస్ ఎర్నెస్టీన్.”

“ఎప్పుడో క్షమించాను నాయనా, నిన్ను ఉయ్యాల్లో ఊపినదాన్ని. కానీ నీ క్షమాపణ ఎక్కి నేను ఆసుపత్రికి పోలేనుగా. నాకు బస్సు కావాలి.”

“ఓడినా గెలిచినా డిసెంబరు ఆఖరుదాకా సీటు నాదే. వచ్చే సోమవారం మళ్ళీ ఆ బస్సు సంగతి కౌన్సిల్లో పెడతాను. నెగ్గుతుందని మాటివ్వలేను.”

“నెగ్గకపోతే?”

“వచ్చి మీకు చెప్తాను. మీ ఇంటికొచ్చి చెప్తాను.”

ఎర్నెస్టీన్ అతని చెంప మీద చిన్నగా తట్టింది. “అదీ. ఈ మాత్రం మాట ఆగస్టులో చెప్పుంటే సరిపోయేదిగా, వెర్రినాగన్నా.”

వెర్డెల్ కళ్ళు తుడుచుకుంటూ, “మరి ఇవాళ ఓటు ఎవరికేస్తావే?” అని అడగబోయి, నాలిక కరుచుకుంది. ఆ ప్రశ్న అడిగే హక్కు తనకిప్పుడు లేదు.

పదకొండో వీధి మలుపులో చలికి వణుకుతూ ఇరవై నిమిషాలు నిలబడ్డాక వేరే రూటు బస్సు వచ్చింది. డ్రైవరు మెట్టు కిందికి దించాడు. ఎర్నెస్టీన్ తన పాసు చూపించి ముందు సీట్లో కూర్చుంది. వెనక వెర్డెల్ ఎక్కింది, ఆమె వెనక సెడ్రిక్. డబ్బులేసే పెట్టె ముందు తల్లీకొడుకులిద్దరూ ఆగిపోయారు. వెర్డెల్ పర్సు తెరిచి కొడుకు మొహం చూసింది. కొడుకు జేబులో చెయ్యిపెట్టి తల్లి మొహం చూశాడు.

“టికెట్టెంతరా?” అంది గుసగుసగా.

“నాకూ తెలీదమ్మా.”

బస్సునిండా పొద్దున్నే పనులకి పోతున్న నల్లమొహాలు, ఆసుపత్రులు తుడిచేవాళ్ళు, హోటళ్ళలో వండేవాళ్ళు. అందరూ వాళ్ళిద్దర్నీ గుర్తుపట్టారు.  ముప్పై ఎనిమిదేళ్ళుగా వీళ్ళకి ఓటు ఎవరికెయ్యాలో చెప్పిన మనిషి, వీళ్ళ ఓట్లతో గెలిచిన మనిషి, ఆ పెట్టె ముందు తలలు వంచుకుని నిలబడ్డారు.

ముందు సీట్లోంచి ఎర్నెస్టీన్ నెమ్మదిగా లేచి వచ్చి, టికెట్టు ఎంతో వాళ్ళకి చెప్పింది.