తిన్నాక తుడిచిన స్పూను

“రేపు సెకండ్ షో మొదలయ్యేలోపు మన మిసైల్ సైంటిస్టుని చంపేస్తారు. నువ్వు ఆపాలి,” అన్నాడు చీఫ్. “హంతకుడెవడో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడతో డిన్నర్ చెయ్యి.”

ఆవిడెవరో వినగానే ఏజెంట్ డేగకు ఒళ్ళు మండింది. రెండు వైపులా రహస్యాలు అమ్ముకునే డబుల్ ఏజెంట్. ఆమె మాట నమ్మే పోయినేడాది డేగ బావ, అదే సీక్రెట్ సర్వీసులో పనిచేసే మనిషి, శత్రువుల తూటాకు బలయ్యాడు. ఆ తర్వాత డేగ చెల్లెలు నవ్వగా ఎవరూ చూడలేదు.

సినిమా హాలు ఎదురుగా ఉన్న ఆ రెస్టారెంట్లో నీళ్ళు పోయడానికి కూడా వెయిటర్లు వంగి దణ్ణం పెట్టినంత పని చేస్తారు. మర్నాటి రాత్రి డేగ నెరిసిన విగ్గుతో బ్యాంకు డైరెక్టర్ వేషంలో మూల టేబుల్ దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా నల్ల గౌనులో ఆమె. హాల్లో మగవాళ్ళ చూపులన్నీ ఇటే. పయోముఖ విషకుంభమంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు!

“సూపు చల్లగా ఉంది,” అన్నాడు డేగ. కోడ్‌వర్డ్ అది.

“మనసు వెచ్చగా ఉంటే చాలు,” అంది ఆమె. జవాబు సరిపోయింది.

“ఈ కోడ్ రాసినవాణ్ణి ముందు ఉరితీయాలి.”

“మీ బావ కూడా ఇలాగే విసుక్కునేవాడు.”

“ఆయన మాటెత్తావంటే పళ్ళు రాలగొడతాను. హంతకుడెవడు?”

“కళ్ళజోడు వెయిటర్. చేతిగుడ్డ కింద సైలెన్సర్ పిస్టల్ ఉంది.”

అవతలి టేబుల్ దగ్గర సైంటిస్టు, ఆయన భార్య, కూతురు, కాబోయే అల్లుడు సినిమాకు ముందు భోంచేస్తున్నారు. మామగారు జోకు పూర్తిచేయకముందే అల్లుడు నవ్వేస్తున్నాడు. కళ్ళజోడు వెయిటర్ వాళ్ళకే వడ్డిస్తున్నాడు.

డేగ అతని చేతుల్నే చూశాడు. ప్లేటు అంచు మీద బొటనవేలు, గ్లాసు మీద అరచెయ్యి. హాలంతా వేలిముద్రలు పంచిపెడుతున్నాడు. కానీ శత్రువుల హంతక ముఠా ట్రైనింగ్‌లో మొదటి పాఠమే ముట్టుకున్నది తుడిచేయమని. నిద్రలో లేపినా వాళ్ళు అది మరువరు.

సరిగ్గా అప్పుడే అల్లుడు ఐస్‌క్రీం ముగించి, న్యాప్‌కిన్‌తో స్పూను తుడిచి పెట్టాడు. తర్వాత గ్లాసు తుడిచాడు.

జనం తినబోయే ముందు స్పూను తుడుస్తారు. తిన్నాక తుడిచేవాడు మామూలు జనంలో మనిషి కాదు. ఆమె మళ్ళీ అబద్ధమే చెప్పిందని డేగకు అర్థమైంది.

కాఫీలు వచ్చాయి. “మీకు పంచదార వద్దు కదా మామయ్యగారూ,” అంటూ అల్లుడు జేబులోంచి డబ్బీ తీసి, ఆయన కప్పులో ఓ మాత్ర వేశాడు. సైంటిస్టు కప్పు ఎత్తాడు.

డేగ లేవబోయాడు. ఆమె చెయ్యి చాచింది. ఉంగరంలోంచి సన్నటి సూది బయటికొచ్చింది. డేగ టేబుల్‌ను ఆమె మీదికి తోసి, చేతికందిన సూపు గిన్నె విసిరాడు. సైంటిస్టు పెదవుల దగ్గరే కప్పు పగిలింది. కాఫీ పడ్డచోట టేబుల్‌క్లాత్ పొగలు కక్కింది.

అల్లుడు గుమ్మం వైపు పరుగెత్తాడు. డోర్‌మన్ అలవాటుగా తలుపు తీసి, అలవాటు లేని పని ఒకటి చేశాడు. గడ్డం కింద ఒక్క గుద్దు. అతను కూడా సర్వీసు మనిషే.

టేబుల్ కింద ఇరుక్కున్న ఆమె చేతులకు డేగ బేడీలు బిగించాడు. “ఇది మా చెల్లెలి తరఫున,” అన్నాడు.

సైంటిస్టు కూతురు బొమ్మలా ఉండిపోయింది. ఆయన చొక్కా దులుపుకుని భార్య మీద విరుచుకుపడ్డాడు.

“నా ఆరోగ్యం మీద కన్నకొడుకులా శ్రద్ధ పెడుతున్నాడన్నావు కదే!”

కూతుర్ని గుండెకు హత్తుకుంటూ ఆవిడ అంది, “శ్రద్ధకేం లోటొచ్చిందండీ?”