తవిటమ్మకు తిరిగొచ్చిన మాట

"నీళ్లు" అంది రెడ్డెమ్మ. ఆమె తలమీది సన్నటి వలలో చిన్న దీపాలు మినుక్కుమన్నాయి. పక్క కుర్చీలో ఉన్న తవిటమ్మ తలమీది వల కూడా అదే వరసలో మినుక్కుమంది. తవిటమ్మ పెదవులు కదిలాయి. మాట మాత్రం రాలేదు.

అద్దం వెనక నిలబడ్డ ఎర్రయ్య తల దించుకున్నాడు. శ్రీకాకుళం తీరంలో చేపల వేలం పాడే తన భార్య గొంతు సముద్రపు హోరులోనూ వినబడేది. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలాక ఆమెకు అన్నీ అర్థమవుతున్నాయి కానీ, ఒక్క మాటా పలకలేకపోతోంది.

"ఈ యంత్రం పేరు జోడీ" అంది పక్కనే ఉన్న డాక్టర్ నీలవేణి. విశాఖలోని ఆ పరిశోధనశాలలో దాన్ని తయారుచేసింది ఆవిడే. "మాట పుట్టేచోట మీ ఆవిడ మెదడులో కొన్ని కణాలు పోయాయి. రెడ్డెమ్మ మాట్లాడేటప్పుడు ఆమె మెదడులో సిగ్నల్స్ ఎలా నడుస్తాయో జోడీ చూస్తుంది. మీ ఆవిడ మెదడులో బాగున్న కణాలను అదే వరసలో తట్టి లేపుతుంది. అవి దారి నేర్చుకున్నాక యంత్రం తీసేస్తాం."

"నేర్సుకోకపోతేనో?"

"అదీ జరగొచ్చు. అబద్ధం చెప్పను."

రెడ్డెమ్మది మదనపల్లె. స్పీచ్ థెరపిస్ట్. వానాకాలమంతా ఆమె తవిటమ్మ పక్కనే కూర్చుంది. ఒకే మాటను విసుగు లేకుండా మళ్లీ మళ్లీ పలికింది. తవిటమ్మ ఏడిస్తే యంత్రం ఆపి జడ వేసేది. మధ్యాహ్నం ముగ్గురూ కలిసే తినేవారు. ఎర్రయ్య చెప్పే సముద్రం కబుర్లు వింటూ రెడ్డెమ్మ అన్నం చల్లారబెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం ఎర్రయ్య మందులు తీసుకుని ఆలస్యంగా వచ్చాడు. తవిటమ్మ తలమీద వల లేదు.

"యాడికి పోతివి ఇంతసేపు?" అంది.

ఎర్రయ్య తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ కోపం అచ్చంగా తన భార్యదే. యాస మాత్రం మదనపల్లెది. కాసేపటికి కళ్లు తుడుచుకుని నవ్వాడు.

"దారితోపాటు యాస కూడా వచ్చేసింది" అని నీలవేణి నొచ్చుకుంది. "మీ వైపు వాళ్లతో మళ్లీ నేర్పించి సరిచేయొచ్చు. కాకపోతే కొన్నాళ్లు మాట ఆగిపోతుంది."

"వద్దు మేడమ్" అంది తవిటమ్మ. "మళ్లా మూగదాన్ని కాలేను. యాసదేముంది?"

ఆ యాసతోనే రేవులో మళ్లీ వేలం పాడింది. వినడానికి పక్క ఊళ్లనుంచి కూడా జనం వచ్చారు.

మరుసటి నెల కుప్పంనుంచి మాట పోయిన ఒక ముసలాయన వచ్చాడు. "మా పక్క మాట్లాడేవాళ్లే కావల్ల" అని ఆయన భార్య ముందే గట్టిగా చెప్పింది. మదనపల్లె కూడా ఆ వైపే కదా అని నీలవేణి సంతోషంగా రెడ్డెమ్మను పిలిచింది.

రెడ్డెమ్మ వల తగిలించుకుంది. ముసలాయన చెయ్యి పట్టుకుని, ఆప్యాయంగా మొదలుపెట్టింది.

"ఏటి తాతా, ఎలాగున్నావు? బువ్వ తినీసినావా?"

నీలవేణి మెల్లగా జోడీ స్విచ్ మీంచి చెయ్యి తీసేసింది.