శీతాద్రి కొలనులో మూడు రాజ్యాలు

తామ్రపురి రాజ్యంలో ఆ ఏడు మాఘమాసంలోనే వడగాడ్పులు మొదలయ్యాయి. రాగి కొలుముల కోసం అడవులు నరికి కాలుస్తుండడంతో ఆకాశమంతా పొగ కమ్ముకుంది. ఆ వేడికి శీతాద్రి మీది మంచు కరుగుతోందనీ, ఏదో ఒకనాడు నీలవేణి నది రాజ్యం మీద విరుచుకుపడుతుందనీ అందరికీ తెలుసు. ఎంత నష్టం జరుగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

"పొలాల్లో పదో వంతు పోతుంది" అన్నాడు ఆస్థానంలోని ఒక పండితుడు.

"సగం పోతుంది" అన్నాడు రెండో పండితుడు.

మూడో ఆయన తల వంచుకుని, "నగరమే మిగలకపోవచ్చు ప్రభూ!" అన్నాడు.

విజయకేతు మహారాజు విసుక్కున్నాడు. "కొలుములు ఆర్పేస్తే వాటి మీద బతికేవాళ్లు ఏమైపోవాలి? ముందు మీరు ముగ్గురూ ఒక మాట మీదికి రండి. తర్వాత చూద్దాం."

ఆ మాట విన్నాక రాకుమారి హేమలేఖకు కాలు నిలవలేదు. జరగబోయేది చూపించే కొలను శీతాద్రి మీద ఉందని ఆమె విన్నది. తండ్రి వద్దంటున్నా గుర్రమెక్కి బయలుదేరింది.

అడవి దాటాక ఒక బురదనీళ్ల ఏరు ఎదురైంది. ఒడ్డున కరాళుడనే రాక్షసుడు అడ్డు నిలిచాడు.

"ఓసి పిల్లా! ఈ ఏటి లోతెంతో చెప్పు. తప్పు చెప్పావో, మింగేస్తాను!"

"నాకు తెలియదు" అంది హేమలేఖ.

"తెలియకుండా ఎలా దాటుతావే?"

"మునిగేంత లోతుందనుకుని దాటుతాను." ఆమె గుర్రాన్ని మేతకు వదిలి, వెదుళ్లు నరికి తెప్ప కట్టసాగింది.

కరాళుడు పగలబడి నవ్వాడు. "మోకాటి లోతే ఉంటే నీ కష్టమంతా దండగ కదే!"

"పోతే ఒక పూట కష్టం పోతుంది. ప్రాణం పోదుగా!"

రాక్షసుడి నవ్వు ఆగిపోయింది. "ఇదివరకు వచ్చినవాళ్లంతా ఏదో ఒక లోతు చెప్పి నాకు చిక్కారు. పో, దాటిపో!"

ఏటి నడిమధ్య ఆమె గెడకు అడుగు తగలనే లేదు.

శీతాద్రి మీద మంచు కరిగి పాయలుగా పారుతోంది. కొలనును కాచే యక్షిణి ఆమెను నీళ్లలోకి చూడమంది. అక్కడ మూడు తామ్రపురులు కనిపించాయి. ఒకదానిలో ఓ మూల చేలు మాత్రం మునిగాయి. ఇంకొకదానిలో సగం ఊళ్లు లేవు. మూడోదానిలో నీళ్ల పైన కోట బురుజొక్కటే తేలి ఉంది.

"తల్లీ, వీటిలో ఏది నిజం?"

"ఏదైనా జరగొచ్చు. ఏది జరుగుతుందో నాకూ తెలియదు."

హేమలేఖకు దుఃఖమూ కోపమూ ముంచుకొచ్చాయి. "ఇది వినడానికా ఇంత దూరం వచ్చాను!"

"కొలుములు ఎంత త్వరగా ఆరితే ఆ మూడోది అంత దూరమవుతుంది. నేను చెప్పగలిగింది అంతే, అమ్మాయీ."

అంతలో పెద్ద మంచుపెళ్ల విరిగి కొలనులో పడింది. బొమ్మలన్నీ చెదిరిపోయాయి. హేమలేఖ మరి ఆగలేదు. పరుగున కొండ దిగింది.

"నాన్నగారూ, పండితుల్లో ఎవరి మాటా కొట్టిపారేసేది కాదు" అంది కోటకు చేరగానే. "వీలైనన్ని కొలుములు ఆర్పి, ఇప్పుడే నదికి కట్ట వేసుకుందాం. చిన్న వరద వస్తే అనవసరంగా కష్టపెట్టామని జనం మనల్ని చూసి నవ్వుతారు. పెద్దదే వస్తే నవ్వడానికి జనమే ఉండరు."

రాజు లేచి, "నవ్వితే నవ్వనీ, తల్లీ!" అన్నాడు.

సగం కొలుములు ఆరాయి. వాటిలో పనిచేసేవాళ్లు కోట గాదెల్లోని ధాన్యం తింటూ ఏటికట్ట పోశారు. పల్లపు ఊళ్లు మెరకకు తరలాయి. ఒక వర్షాకాలం ఊరికే గడిచింది. జనం నవ్వనే నవ్వారు. హేమలేఖ మాత్రం రోజూ వెళ్లి నది మట్టం చూసి వచ్చేది.

మరుసటి ఏడు నీలవేణి పొంగింది. కట్ట ఒకచోట తెగింది, పల్లపు చేలు పోయాయి. కానీ ఒక్క ప్రాణమూ పోలేదు.

వరద తీశాక రాజు కూతురికి పట్టం కట్టాడు. విందు సగంలో ఉండగానే కొత్త రాణి లేచి, తెగిన కట్ట దగ్గరికి నడిచింది. కాసేపటికి ఆమె వెనక జనం తట్టలూ పారలూ పట్టుకుని కదిలారు.