సగం తుస్కీజ్

ఆ ఉదయం కూడా ఉల్జాన్ పాలటీ ముందు కూర్చుంది. అది చల్లారి మీగడ కట్టినా ముట్టుకోలేదు. కిటికీ అవతల, బొగ్గుగనుల ఊరైన కరగండ వీధిలో మార్చి మంచు బొగ్గుపొడి పట్టి నల్లబడింది. పక్షవాతం వచ్చి ఏడు నెలలయింది. కుడిచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంటుంది. నలభై ఏళ్లు పెళ్లిబట్టలు కుట్టిన చెయ్యి. దాన్ని చూస్తే ఆమెకు దుఃఖం కూడా రావడం లేదు. అసలేమీ రావడం లేదు.

పక్కగదిలోంచి కూతురు జానిల్ గొంతు వినిపించింది. "ఆ ధరకైతే ఇవ్వను. పట్టుదారం ఎంత కష్టపడి పోగేశానో నీకేం తెలుసు?"

"ఎవరితోనే ఆ బేరం?"

"కంప్యూటర్ ఆటలో సంత ఉందమ్మా. నేను పొడుగు అంగీలు నేసి అమ్ముతాను. మిగతా ఆటగాళ్లు కొంటారు."

"లేని అంగీలు, లేని సంత! ఇరవై ఆరేళ్లొచ్చాయి. మందులషాపులో పని ఉందని మీ పిన్ని చెప్పి నెలయింది."

"ఇదొక్కటీ అయ్యాక మాట్లాడదాం. మధ్యలో ఆగితే దారమంతా పోతుంది."

ఉల్జాన్ కాలీడ్చుకుంటూ గుమ్మందాకా వెళ్లింది. కంప్యూటర్ బల్ల కింద ఎర్ర మఖమలు మడత కనిపించింది. గోడకు వేలాడదీసే తుస్కీజ్ అది. చెయ్యి పడిపోయిన రోజు దాన్నే కుడుతోంది, సగంలో ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి రాగానే చెత్తలో పారెయ్యమంది. పారేశానని జానిల్ చెప్పింది.

ఉల్జాన్ అరవలేదు. దీపం ఆర్పినంత మామూలుగా వంగి, ఎడమచేత్తో ప్లగ్గు లాగేసింది.

"అమ్మా! నాలుగు నెలల దారం!"

"పారెయ్యమన్నానా లేదా?"

"పారెయ్యలేదు. అబద్ధం చెప్పాను. ఏం చేస్తావో చేసుకో."

"తల్లి ఇలా పడి ఉంటే నీకు ఆటలా?"

"ఏడు నెలల్లో ఒక్కసారైనా నా వైపు చూశావా? చూసుంటే తెలిసేది, ఏం ఆడుతున్నానో!"

జానిల్ మళ్లీ ప్లగ్గు పెట్టింది. కాసేపటికి తెరమీద సంత వెలిగింది. ఒక దుకాణంలో అంగీలు వేలాడుతున్నాయి. వాటి వీపుల మీద మెలికలు తిరిగిన గొర్రెపొట్టేలు కొమ్ములు. అచ్చం ఉల్జాన్ కుట్టే కొమ్ములు.

"అంగీ మీద ముగ్గు మనమే గీసుకోవచ్చు. నీ కుట్లు ఒక్కొక్కటే చూసి ఎక్కించాను. జనం నా దుకాణం ముందు వరుస కట్టేవారు. ఇప్పుడు పదిమంది కాపీ కొట్టి చవగ్గా అమ్ముతున్నారు. తుస్కీజ్‌లో మిగిలిన సగం ముగ్గు కూడా ఉంటే వాళ్లు నా దగ్గరికి కూడా రాలేరు. అది నీకొక్కదానికే తెలుసు."

"నోరు తెరిచి అడగొచ్చుగా?"

"అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటావని భయం. అట్లా చూడలేనమ్మా నిన్ను."

జానిల్ మోకాళ్లలో ముఖం దాచుకుని ఏడ్చింది. కూతురు ఏడుస్తుంటే దగ్గరకు తీసుకోవాలని ఉల్జాన్‌కు తెలుసు. తెలిసినా కదల్లేదు. చూపు మాత్రం తెరమీద ఒకచోట ఆగిపోయింది.

"ఆ మూడో కొమ్ము తప్పు."

"ఏంటి?"

"లోపలికి తిరగాలి. బయటికి తిప్పావు. తిరగేసి చూసి గీశావా, పిచ్చిమొద్దూ?"

జానిల్ కళ్లు తుడుచుకోకుండానే పెన్సిలూ కాగితమూ అందించింది. ఉల్జాన్ ఎడమచేత్తో పట్టుకుంది. మొదటి గీత పక్కకు పోయింది. రెండోదీ పోయింది. మూడోసారి కొమ్ము తిరిగింది, వంకరగానే అయినా తిరిగింది.

"దీని కింద..." అంటూ ఆగింది. కాగితం మీద చుక్క పడితే గానీ తను ఏడుస్తున్నట్టు ఆమెకు తెలియలేదు.

"కింద ఏమొస్తుందమ్మా? నువ్వు చెప్పు, నేను గీస్తా."

జానిల్ పెన్సిల్ కోసం చెయ్యి చాపింది. ఉల్జాన్ ఇవ్వలేదు.

"ఉండవే. నేనే గీస్తాను."