నీలం పెట్టెలో ద్రాక్షరసం

పదకొండూ యాభైకి కంటి ఆసుపత్రిలో నీలం పెట్టె మూత తీశారు.

లోపల ఉండాల్సినవి రెండు చిన్న గాజు సీసాలు. ఒక్కో సీసాలో ఒక్కో కార్నియా. కంటిపాప మీద అద్దంలా ఉండే పల్చటి పొర అది. ఆ ఉదయం ఆరూ నలభైకి చనిపోయిన వాచీ మెకానిక్ దానం చేసినవి.

లోపల ఉన్నవి రెండు ద్రాక్షరసం బాటిళ్ళు.

పన్నెండూ ఇరవైకి ఎస్సై సేవా క్లబ్బు మెట్లెక్కింది. రక్తదాన శిబిరం అప్పుడే ముగిసింది. హాల్లో మంచాలు మడుస్తున్నారు. ఆమెను చూడగానే ఏడుగురు ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఒక్కొక్కరు చెప్పండి," అంది.

ఈసారి ఎనిమిది మంది మాట్లాడారు.

"మా క్లబ్బు ముప్పై రెండేళ్ళ చరిత్రలో ఇలాంటిది..." క్లబ్బు అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. టైర్ల షాపు ఆయనది. మైకు లేకపోయినా మైకు ముందు ఉన్నట్టే మాట్లాడతాడు.

"చరిత్ర తర్వాత సార్. సీసీ కెమెరా ఉందా?"

"ఉంది మేడమ్! పోయిన నెలే పెట్టించాం."

ఉంది. దాని ముందు రక్తదానం బేనరు కట్టారు. సరిగ్గా బేనరు మీది అధ్యక్షుడి ముఖం వెనక కెమెరా కళ్ళు మూసుకుని ఉంది.

ఎస్సై నిట్టూర్చింది. సీఐ అప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు. నాలుగు గంటలకు ఇద్దరు రోగులకు ఆపరేషన్. ఇద్దరూ పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా ఎదురుచూస్తున్నారు. ఎండలో పడితే ఆ సీసాలు ఎందుకూ పనికిరావు.

హెడ్ కానిస్టేబుల్ నోట్‌బుక్కు తీశాడు. అరగంటలో టైములు తేలాయి.

ఎనిమిదీ పదికి కంటి బ్యాంకు టెక్నీషియన్ ఆ ఇంట్లో కార్నియాలు సేకరించాడు. సీసాలకు సీలు వేశాడు. ఐసుతో పాటు నీలం పెట్టెలో పెట్టాడు. తొమ్మిదీ అయిదుకి పెట్టె క్లబ్బు పక్కగదిలోకి వచ్చింది. పైన కాగితం లేబుల్ అంటించారు.

"పెట్టె మీరే ఎందుకు తీసుకెళ్ళలేదు?" ఎస్సై టెక్నీషియన్‌ని ఫోన్లో అడిగింది.

"ఇంకో ఇంటి నుంచి కబురొచ్చింది మేడమ్. పదకొండింటికి రక్తం వ్యాను మొదటి ట్రిప్పు ఎలాగూ ఆసుపత్రి వైపే వెళ్తుంది కదా అని..." అన్నాడతను.

పెట్టె తెచ్చినప్పుడు అతని వెంట ఉన్నది కళ్ళ మాస్టారు. డ్రాయింగ్ టీచరు. క్లబ్బులో నేత్రదానం పనంతా ఆయనదే. తొమ్మిదేళ్ళలో నూట పన్నెండు ఇళ్ళు ఒప్పించాడు. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. తొమ్మిదీ ఇరవైకి ఆయన, అధ్యక్షుడు కలిసి చనిపోయినవాళ్ళ ఇంటికి ప్రశంసాపత్రం ఇవ్వడానికి బయల్దేరారు. అక్కణ్ణుంచి అధ్యక్షుడు నేరుగా షాపుకి వెళ్ళాడు. మాస్టారు పదీ నలభైకి క్లబ్బుకి తిరిగొచ్చాడు.

"పదింబావుకి చూశాను తల్లీ, పెట్టె అక్కడే ఉంది." ఈ మాట చెప్పింది పిన్ని. రక్తమిచ్చినవాళ్ళకు పళ్ళరసం ఇచ్చే బల్ల ఆవిడదే. ఊళ్ళో అందరికీ పిన్నే. "లేబుల్ కూడా ఉంది."

"మీ పళ్ళరసం పెట్టెలూ నీలమేగా?"

"ఆరూ నీలమే. కలిసిపోయాయేమోనని అన్నీ బోర్లించాం. ఏదీ?"

"పళ్ళరసం ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిదీ ముప్పై అయిదుకి. షాపువాడు ఆలస్యం చేశాడు. నేను వాణ్ణి తిట్టిన తిట్లు అందరూ విన్నారు."

హెడ్ గబగబా రాసుకున్నాడు. పళ్ళరసం తొమ్మిదీ ముప్పై అయిదుకి వచ్చింది. పెట్టె పదకొండుకి వ్యాను ఎక్కింది. కాబట్టి మార్పిడి ఈ మధ్యలోనే జరిగింది. ఆ సమయంలో హాల్లో డెబ్భై మంది ఉన్నారు.

"గోరుచుట్టు మీద రోకటిపోటు మేడమ్," అన్నాడు హెడ్.

రక్తం వ్యాను డ్రైవరు దొరికాడు. అరగంట దారికి యాభై నిమిషాలు తీసుకున్నాడు.

"ఎక్కడ ఆగావ్?"

"ఎక్కడా ఆగలేదు మేడమ్."

"ఎక్కడ?"

"ట్రాఫిక్కు..."

"మూడోసారి అడగను."

డ్రైవరు నేల చూశాడు. "మా ఆవిణ్ణి కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ దగ్గర దింపాను మేడమ్. ఆలస్యమైతే గేటు మూసేస్తారు. ఆవిడ పని పోతుందని..."

ఫ్యాక్టరీ వాచ్‌మన్‌ని అడిగారు. నిజమే. వ్యాను ఆగింది, ఆవిడ దిగింది, వ్యాను పోయింది. వెనక తలుపు తెరవనేలేదు. మరో ఇరవై నిమిషాలు దండగ.

ఒంటిగంటా పదిహేనుకి ఆమె వాచీ మెకానిక్ ఇంటికి వెళ్ళింది. వెళ్ళక తప్పదు. వెళ్ళాలని లేదు.

ముందు గదిలో ఆయన పనిబల్ల. చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు వరసలో పేర్చి ఉన్నాయి. భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. కూతురు ఎదురొచ్చింది.

"పొద్దున ఎవరెవరు వచ్చారమ్మా?"

"ఆ టెక్నీషియన్. తర్వాత మాస్టారు, అధ్యక్షుడుగారు. ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫొటోలు తీసుకున్నారు."

"ఎవరైనా ఈ దానం వద్దన్నారా? గొడవేమైనా?"

"లేదండీ. నాన్నే రాసిచ్చారు. మాస్టారంటే నాన్నకు గురి. పాపం, ఆయనకి మా కంటే ఎక్కువ బాధ. మంచినీళ్ళు అడిగి తాగారు."

ఎస్సై తలూపింది. ఆమె వెతికేది గొడవ. గొడవ ఎక్కడా లేదు.

గుమ్మం దాటుతుంటే కూతురు అడిగింది. "మేడమ్, నాన్న కళ్ళు ఇప్పుడెక్కడున్నాయి?"

పదిహేడేళ్ళ సర్వీసులో ఎన్నో ప్రశ్నలు విన్నది. ఇలాంటిది వినలేదు.

"తెస్తాం," అంది. ఆ మాట తనకే చేదుగా తగిలింది.

జీపులో కూర్చోగానే ఫోన్ మోగడం మొదలైంది. ఆగకుండా మోగింది. శిబిరంలోనూ ఆ ఇంట్లోనూ క్లబ్బువాళ్ళు తీసిన ఫొటోలన్నీ అధ్యక్షుడు పంపుతున్నాడు. మొత్తం రెండువందల పద్నాలుగు.

"ఈయన్ని లోపలేద్దాం మేడమ్. ఏదో ఒక సెక్షను దొరక్కపోదు," అన్నాడు హెడ్.

ఆమె పళ్ళు కొరుక్కుంటూ ఒక్కొక్కటే చూసింది. అధ్యక్షుడు రిబ్బన్ కత్తిరిస్తూ. అధ్యక్షుడు రక్తమిచ్చేవాడి చెయ్యి పట్టుకుని. అధ్యక్షుడు తన చెయ్యి తానే పట్టుకుని. ప్రతి ఫొటో కింద టైము ఉంది.

పదీ పన్నెండు. పిన్ని బల్ల. బల్ల నిండా బాటిళ్ళు.

వేలు ఆగిపోయింది. ఫొటో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

పిన్నికి ఫోన్ కలిపింది. "పిన్నిగారూ, ఇవాళ తెప్పించింది ఏ రసం?"

"నారింజ."

"అన్నీనా?"

"అన్నీ. ద్రాక్షరసం మరక పడితే దుప్పట్లు పాడవుతున్నాయని ఈసారి వద్దన్నాను."

"మరి పెట్టెలో దొరికింది ద్రాక్ష కదా?"

"అవును సుమీ! పోయిన నెల శిబిరంలో రెండు మిగిలాయి. పక్కగది బీరువాలో పడేశాం."

"బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది?"

పిన్ని చెప్పింది. తొమ్మిదీ పదికి ప్రశంసాపత్రం కోసం తప్ప ఇవాళ అది తెరుచుకోలేదనీ చెప్పింది. చెప్పాక, "అయ్యో, కాదమ్మా, ఆయన అలాంటివాడు కాదు," అంది.

ఎస్సై మళ్ళీ ఫొటోలు తిప్పింది. తొమ్మిదీ నలభై ఏడు. వాచీ మెకానిక్ ఇల్లు. ప్రశంసాపత్రం ఇస్తున్న చేతులు. ఆ ఫొటోను రెండు నిమిషాలు చూసింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం," అంది. "బండి క్లబ్బుకి తిప్పు."

రెండూ ముప్పై అయిదు. క్లబ్బు హాలు. అధ్యక్షుడు, పిన్ని, డ్రైవరు, మాస్టారు కుర్చీల్లో కూర్చున్నారు. ఇంకో ఇంటి నుంచి అప్పటికి వచ్చేసిన టెక్నీషియన్ గోడ పక్కన నిలబడ్డాడు.

"మనందరం ఒక తప్పు చేశాం," అంది ఎస్సై. "బాటిళ్ళు చూడగానే ఇవాళ్టి పళ్ళరసం అనుకున్నాం. అందుకే మార్పిడి తొమ్మిదీ ముప్పై అయిదు తర్వాత జరిగిందని లెక్కేశాం. ఇవాళ వచ్చింది నారింజ. పెట్టెలో దొరికింది ద్రాక్ష. అది బీరువాలోది. బీరువా ఇవాళ ఒక్కసారే తెరుచుకుంది. తొమ్మిదీ పదికి. ప్రశంసాపత్రం తియ్యడానికి."

అందరి చూపులూ ఒకే వైపు తిరిగాయి. మాస్టారు కదల్లేదు.

"పెట్టె మారలేదు. లేబులూ మారలేదు. లోపలివే మారాయి. పదింబావుకి పిన్నిగారు చూసేటప్పటికే అందులో ద్రాక్షరసం ఉంది."

"ఎవరైనా తీసి ఉండొచ్చు మేడమ్," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "తాళం బీరువాకే వదిలేశానేమో. పొద్దుటి హడావిడిలో..."

ఎస్సై ఫోన్ ఆయన ముందు పెట్టింది.

"ఈ ఫొటోలో మీ భుజానికి ఏముంది మాస్టారూ?"

మాస్టారు ఫోన్‌ని పక్కకి జరిపాడు.

"రెండు లీటర్ల ఫ్లాస్కు. ఆ ఇంట్లో మీరు మంచినీళ్ళు అడిగి తాగారు. ఆ అమ్మాయి చెప్పింది. విని కూడా నేను పట్టించుకోలేదు. భుజాన అంత ఫ్లాస్కు పెట్టుకున్న మనిషి, చావు ఇంట్లో నీళ్ళు ఎందుకు అడిగాడు?"

టెక్నీషియన్ గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు.

"ఎందుకంటే అందులో ఉన్నవి నీళ్ళు కావు."

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆ ఇంటికే తీసుకెళ్ళావా? ఆయన కళ్ళు భుజాన వేసుకుని ఆయన భార్య చేతికి కాగితం ఇచ్చావా?"

అప్పుడు పగిలాడు మాస్టారు.

"నూట పన్నెండు ఇళ్ళు పిన్నీ! ఏడుస్తున్నవాళ్ళ ముందు నిలబడి కళ్ళివ్వండని అడిగాను. తిట్టారు. ఒకాయన చెయ్యి చేసుకున్నాడు. మా అక్క రెండేళ్ళ నాలుగు నెలలుగా లిస్టులో ఉంది. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట, మీ నంబరు ఇంకా రాలేదని. తల్లి పోతే నన్ను పెంచింది తను. ఎంబ్రాయిడరీ చేసి చదివించింది. ఇప్పుడు అన్నం కంచం తడుముకుంటోంది. రెండువందల ఇరవై నాలుగు కళ్ళు తెచ్చాను. ఒక్కటి, ఒక్కటి నాకు అడిగే హక్కు లేదా?"

అధ్యక్షుడు లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

ఎస్సైకి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. దొంగను పట్టుకున్నప్పుడు కాస్తయినా తృప్తి ఉంటుంది. ఇవాళ అదీ లేదు.

"నాలుగింటికి ఇంకో ఇద్దరు బల్లెక్కాలి మాస్టారూ. వాళ్ళూ కంచం తడుముకుంటున్నవాళ్ళే. సీసాలు ఎక్కడ?"

ఆయన చెప్పాడు. వాచీ మెకానిక్ ఇంటి వెనక వీధిలో ఒక చిన్న కంటి క్లినిక్కు. కార్నియా తెస్తే మర్నాడే ఆపరేషన్ చేస్తానన్నాడు అక్కడి డాక్టరు. కంటి బ్యాంకు అనుమతిపత్రం మాస్టారే తయారుచేశాడు. అక్షరాలు దిద్దడం ఆయనకు తెలిసిన పనే.

మూడూ అయిదుకి జీపు క్లినిక్కు ముందు ఆగింది. డాక్టరు పత్రం చూపించాడు. టెక్నీషియన్ ఒక్క చూపులో అది నకిలీ అన్నాడు. డాక్టరు ముఖం పాలిపోయింది.

లోపల బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మర్నాటి ఆపరేషన్ కోసం పరీక్షలు చేస్తున్నారు. రెండు కళ్ళూ సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. బూట్ల చప్పుడుకి తల తిప్పింది.

"ఎవరమ్మా?"

"పోలీసులం."

"మా తమ్ముడికి ఏమైనా అయిందా?"

"నేనిక్కడే ఉన్నానక్కా," అన్నాడు మాస్టారు వెనక నుంచి. ఆ గొంతు వినగానే ఆవిడకు సగం అర్థమైంది. మిగతా సగం ఎస్సై చెప్పింది. వీలైనంత తక్కువ మాటల్లో చెప్పింది.

ఆవిడ తమ్ముడి గొంతు వినిపించిన వైపు తిరిగింది.

"నా నంబరు వచ్చిందన్నావు కదరా," అంది.

మాస్టారు తల వంచుకున్నాడు.

"వేరేవాళ్ళ వంతు లాక్కొచ్చి నాకు పెడతావా? దాంతో నేను ఎవరి ముఖం చూడాలిరా? నీ ముఖమేనా?"

"అక్కా..."

"నోర్ముయ్." ఆవిడ గోడ పట్టుకుని లేచింది. "అమ్మాయ్, అవి ఎక్కడున్నాయి?"

నర్సు ఫ్రిజ్‌లోంచి ఫ్లాస్కు తెచ్చింది. టెక్నీషియన్ మూత తీశాడు. ఐసు కరగలేదు. సీసాల సీళ్ళు చెక్కుచెదరలేదు. లోపల చిన్న థర్మామీటరు కూడా పెట్టి ఉంది. నాలుగు డిగ్రీలు. దొంగతనమే, కానీ ఎంత జాగ్రత్తగా చేశాడు! ఎస్సైకి ఒళ్ళు మండింది.

"జీపులో కుదుపులుంటాయి," అన్నాడు టెక్నీషియన్ సందేహంగా.

"నా ఒళ్ళో పెట్టండి," అంది పెద్దావిడ. "నేను పట్టుకుంటాను. పసిపిల్లల్ని మోసిన చేతులివి."

దారి పొడుగునా ఆవిడ గుంత వచ్చినప్పుడల్లా ఫ్లాస్కును రెండు చేతులతో గాల్లోకి ఎత్తి పట్టుకుంది. పక్కనే తమ్ముడు. ఆయన పక్కన హెడ్ కానిస్టేబుల్. బేడీలు వెయ్యమని ఎస్సై చెప్పలేదు. హెడ్ అడగనూ లేదు.

మూడూ నలభై రెండుకి ఆసుపత్రి చేరారు. డాక్టర్లు సీసాలు లోపలికి తీసుకెళ్ళి పరీక్ష చేశారు. ఆ పావుగంట వరండాలో ఎవరూ కూర్చోలేదు.

తలుపు తెరుచుకుంది. "రెండూ బాగున్నాయి," అన్నాడు టెక్నీషియన్. "గంట ఆలస్యంగా ఆపరేషన్ మొదలుపెడతారు."

ఎస్సై వాచీ మెకానిక్ కూతురికి ఫోన్ చేసింది. రెండే మాటలు చెప్పింది. "ఆసుపత్రిలో ఉన్నాయమ్మా." అవతల ఏడుపు వినిపించింది. వింటూ నిలబడింది.

పెద్దావిడ టెక్నీషియన్ చెయ్యి తడిమి పట్టుకుంది. "ఎవరికి నాయనా పెడుతున్నారు?"

"చెప్పకూడదమ్మా. రూలు."

"ఆడా, మగా?"

"అదీ చెప్పకూడదు."

"పోనీలే." ఆవిడ చెయ్యి వదిలింది. "నా నంబరెంతో అదైనా చెప్తావా?"

అతను లోపలికి వెళ్ళి లిస్టు చూసి వచ్చాడు. చెప్పడానికి వెనకాడాడు.

"ముప్పై ఒకటమ్మా."

"ఇవాళ ఇద్దరు అయిపోతే?"

"ఇరవై తొమ్మిది."

ఆవిడ తలూపింది. గోడ తడుముకుంటూ రెండడుగులు వేసింది. ఎస్సై వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది.

"పద తల్లీ," అంది ఆవిడ. "స్టేషనుకేగా. వాడు పొద్దుటి నుంచీ ఏమీ తిని ఉండడు."