అడగకుండా వేసిన ఉప్పు

అక్షరాలు నాకు ముసలితనంలో పట్టుబడ్డాయి. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా జారితే సర్దుకుని చదవండి. నా చెయ్యి నెమ్మది. ఈ కథలో అబ్బాయి మాత్రం పరుగు మీద ఉంటాడు.

అతను బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసేవాడు. క్రిస్మస్ వచ్చిందంటే, ఇంట్లో ఓవెన్ లేనివాళ్ళంతా ట్రేలు పట్టుకుని అతని ముందు వరస కట్టేవాళ్ళు. తన రొట్టెలు దింపాక, మిగిలిన వేడిలో వాళ్ళ కేకులూ కోళ్ళూ కాల్చి ఇచ్చేవాడు.

పండగ రోజు పొద్దున ఆ వరసలో పోస్టాఫీసు అమ్మాయి కనిపించింది.

నెల రోజులుగా ఆమె బేకరీ గుమ్మం తొక్కలేదు. అంతకు ముందు రోజూ సాయంత్రం వచ్చి ఒక రొట్టె కొనేది, ఒక మాట విసిరేది. "నిన్నటి రొట్టె అలిగినట్టుంది, పొంగలేదు" అనేది. "మీ స్టాంపులూ అంతేనండి, ఎంత బతిమాలినా అంటుకోవు" అనేవాడు ఇతను. ఉన్నట్టుండి రావడం మానేసింది. ఏ మాట ఎక్కువైందో తెలియక, అన్న మాటలన్నీ తిరగేసుకుంటూ అతను నెలంతా కుమిలిపోయాడు.

"ఇది పార్సిల్ అనుకోండి" అంటూ ఆమె ట్రే అందించింది. "ఊపకూడదు, వంచకూడదు, మూత తీయకూడదు."

"లోపల ఏముందో చెప్పాలండి. మీ కౌంటర్లో రూలేగా."

"కోడి."

"బతికుందా?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. కళ్ళ కింద నలుపు, నిద్ర లేని మొహం. "మధ్యాహ్నం అందరం కలిసి తినాలి. ఇది సరిగా రాకపోతే మాకీ పండగే లేదు. మీ మీదే భారం వేశాను" అని గబగబా వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

రంగు వచ్చిందో లేదో చూద్దామని మధ్యలో అతను మూత తీశాడు. ట్రే మూలన ఊరిన రసం చెంచాతో తీసి నాలిక మీద వేసుకున్నాడు. మిరియం ఉంది, వెల్లుల్లి ఉంది, నిమ్మకాయ ఉంది. ఉప్పు లేదు.

పాపం, కంగారులో మరిచిపోయింది అనుకున్నాడు. అందరి ముందూ ఆమె మొహం చిన్నబోవడం కళ్ళకు కట్టింది. చెంచాడు ఉప్పు ఆ రసంలో కలిపి, కోడి మీద జాగ్రత్తగా పోసి, మూత పెట్టేశాడు. ఈ సంగతి ఆమెకు కూడా చెప్పకూడదనుకున్నాడు. పైగా పెద్ద ఘనకార్యం చేసినట్టు లోపల్లోపల పొంగిపోయాడు.

చర్చి వదిలాక ఆమె అన్నయ్య వచ్చి ట్రే పట్టుకెళ్ళాడు. ఆ వెనకే ఆమె మేనత్త కేకు కోసం వచ్చింది.

"త్వరగా కట్టు బాబూ, అక్కడ వడ్డించేస్తున్నారు. నాకీ కేకొక్కటే దిక్కు. ఆ చప్పిడి కోడి నా గొంతు దిగదు."

దారం చుడుతున్న అతని చేతులు ఆగిపోయాయి. "చప్పిడి ఏమిటండీ?"

"మా అన్నయ్య, అదే మా పిల్ల వాళ్ళ నాన్న, ఆస్పత్రి నుంచి వచ్చాడుగా. గుండె జబ్బు, కాళ్ళకు నీరు దిగుతోంది. ఉప్పు తగిలితే మళ్ళీ ఆస్పత్రేనన్నాడు డాక్టరు. రొట్టెలో కూడా ఉప్పుంటుందని మా పిల్ల అది కొనడమే మానేసింది. ఆయనొక్కడే చప్పిడి తింటే బాధపడతాడని ఇవాళ అందరికీ అదే."

"ఫోన్ చేయండి. తినొద్దని చెప్పండి."

"నా ఫోన్ ఇంట్లోనే వదిలొచ్చాను, నంబర్లేవీ నోటికి రావు. ఏమైంది బాబూ?"

అతను అప్పటికే వీధిలో ఉన్నాడు. చినుకులు పడుతున్నాయి. ఎవరో పండగ శుభాకాంక్షలు చెప్పారు, వినపడలేదు. ఏప్రన్ మీది పిండి వానకు ముద్దయి మోకాళ్ళకు కొట్టుకుంటోంది. ఒక్క ముక్క చాలేమో. ఇప్పటికే తిన్నాడేమో. ఆమె తన చేత్తోనే పెట్టిందేమో.

ఇల్లు చేరేసరికి కిటికీలోంచి బల్ల కనిపించింది. తండ్రి మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఏం వేశావమ్మా ఇందులో? నెల తరువాత నాలిక లేచొచ్చింది."

"నిమ్మకాయే నాన్నా" అందామె. అంత సంతోషంగా ఆమెను అతను ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషాన్ని ఇప్పుడు తనే చంపాలి.

గుమ్మంలో నిలబడి, "తినకండి. అందులో ఉప్పుంది. నేనే వేశాను" అన్నాడు.

ఆమె తండ్రి ముందున్న పళ్ళెం లాగేసుకుంది.

"మూత తీయొద్దన్నాను" అందామె. "నా వంటలో చెయ్యి పెట్టడానికి మీరెవరు?"

"మరిచిపోయారనుకున్నాను. నలుగురిలో మీకు మాట రాకూడదని..."

"మాట కాదు, ప్రాణం పోయేది." ఆమె విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తండ్రి ఫోర్కు కింద పెట్టి, నీళ్ళు పుక్కిలించి వచ్చి కూర్చున్నాడు. "మా అమ్మాయి పెద్ద వంటగత్తె అయిపోయిందని మురిసిపోయాను. అలా తడిసి నిలబడతావేం? బంగాళాదుంపలు చెక్కు తీయడం వచ్చా?"

"వచ్చండి."

"వెళ్ళి తియ్యి. నాకు ఆకలిగా ఉంది."

వంటింట్లో ఆమె అటు తిరిగి గుడ్లు ఉడకబెడుతోంది. అతను చాకు తీసుకున్నాడు.

"ఒక్క ముక్కే కదా తిన్నారు?" అంది తిరక్కుండానే.

"ఒక్కటే. కిటికీలోంచి చూశాను."

"తిను నాన్నా, తిను నాన్నా అని నేనే..."

"ఆయనకు బాగాలేదని ఎందుకు చెప్పలేదు? నా మీద కోపమనుకున్నాను."

"రొట్టె కొనని దాన్ని ఏమని రావాలి? ఊరికే మిమ్మల్ని చూసి పోదామని వచ్చానని చెప్పాలా?"

చాకు ఆగిపోయింది. అన్న మాట ఆమెకే వినపడినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పి ఉంటే బాగుండేది" అన్నాడతను.

"దుంపలు చూడండి. చెయ్యి తెగుతుంది."

పండగ పూట కోడిని పారేయడానికి వీల్లేదని తండ్రి హుకుం వేశాడు. అన్నయ్యా, కేకు మోసుకుంటూ ఆయాసపడుతూ వచ్చిన అత్తా మొహమాటంగా మొదలుపెట్టి తృప్తిగా తిన్నారు. అమ్మాయి మాత్రం తండ్రి తిన్నదే తింది. అతను కూడా ఆయన ఎదురుగా కూర్చుని, మిరియం జల్లిన చప్పిడి దుంపలే వడ్డించుకున్నాడు.

"నీకెందుకీ శిక్ష? కోడి తిను."

"ఇదే తింటానండి."

అతను రెండు ముద్దలు తిన్నాక, "ఎలా ఉంది?" అని అడిగాడు తండ్రి. అమ్మాయి తల ఎత్తింది.

"అస్సలు బాగాలేదండి."

తండ్రి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగేసరికి కూతురూ కొడుకూ బెదిరిపోయి లేచారు. ఆయన చెయ్యి ఊపి కూర్చోమన్నాడు. "నెల నుంచి ఇంటిల్లిపాదీ బ్రహ్మాండం, బ్రహ్మాండం అంటున్నారు. నిజం చెప్పింది ఈ అబ్బాయొక్కడే. రేపు కూడా భోజనానికి రా."

అతను ఆమె వంక చూశాడు.

"పిలిచింది నాన్న. నన్ను చూస్తావేం?" అంది. ఎప్పుడూ లేనిది ఆ 'నువ్వు' ఎక్కడి నుంచి వచ్చిందో అని అత్త చెంచా ఆపి మరీ చూసింది.

"నువ్వూ పిలిస్తే వస్తాను."

"రా. కానీ ఇక మీద ఏదైనా నన్నడిగి వెయ్యి."

భోజనాలయ్యాయి గానీ బెంగ తీరలేదు. తండ్రి వాలుకుర్చీలో కాళ్ళు చాపి పడుకున్నాడు. ఆ ఒక్క ముక్క ఏం చేస్తుందోనని అమ్మాయీ అతనూ చెరోపక్క కూర్చుని, వాపు వస్తోందేమోనని ఆయన పాదాలనే చూస్తున్నారు. సాయంత్రమైంది. వాపు రాలేదు. అయినా ఇద్దరూ లేవలేదు.

ఆయన ఒక కన్ను తెరిచాడు.

"చాల్లే, నా కాళ్ళకేమీ కాలేదు. ఇకనైనా ఒకరి మొహం ఒకరు చూసుకోండి."

— అందరూ పూసలవ్వ అంటారు. డెబ్బై నాలుగేళ్ళు. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, వంటింటి పక్క గదిలో ఉంటున్నాను.