రెండు తీగలు, ఒక్క గంట

"టార్గెట్ పేరు హెల్మ్. విదేశీ ముఠా బాస్," అన్నాడు చీఫ్ వెంకటరామారావు. "మణుగూరు అడవిలో మూతపడ్డ గని ఒకటి చేజిక్కించుకున్నాడు. దాని అడుగున ఒక గోడ. అవతల నడుస్తున్న గని, ఫస్ట్ షిఫ్టులో నూట ఎనభై మంది. ఇవాళ పన్నెండింటికి ఆ గోడ పేలుస్తాడు. బొగ్గు ఆగుతుంది, కరెంటు ఆగుతుంది. వాడికి కావలసింది అదే."

ఏజెంట్ ద్వాలి కుర్చీలోంచి లేచింది. ఆ నూట ఎనభై మందిలో ఆమె తండ్రి దేవ్లా ఒకడు.

"షిఫ్టు ఖాళీ చేయించండి సార్!"

"పసిగట్టాడంటే ఆ క్షణమే పేలుస్తాడు. సునంద లోపలే ఉంది, వాళ్ల ఇంజనీరుగా. మన మనిషే... అనుకుంటున్నాను."

ఆ చివరి మాట ద్వాలికి అస్సలు నచ్చలేదు.

తునికాకు కోసే కూలీ వేషంలో, నెత్తిన ఆకుల మూటతో గని దగ్గరికి వెళ్లింది. పది నిమిషాల్లో దొరికిపోయింది. పట్టించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ సునందే! నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్. అడవిలో ఆ సోకేమిటో!

"ఈమె కూలీ కాదు సార్," అంది హెల్మ్‌తో. "తునికాకు కోసేటోళ్లు కట్టలు కట్టి తెస్తరు. గిట్ల కుక్కి తెస్తరా?"

వాచీ, పెన్ను కెమెరా, పిస్టల్ అన్నీ లాక్కున్నారు. ఏటవాలుగా నాలుగు వందల మీటర్లు కిందికి నడిపించి, అడుగున ఉన్న పంపు గదిలోకి నెట్టారు. సునంద ఇనప కటకటాలకు తాళం వేసింది.

"తోచకపోతే నా సెన్సర్ చూస్కుంట కూసో," అంది వెటకారంగా. "నీళ్లు పెరిగితే పైన బజర్ మోగుతది. రెండే తీగలు. కరెంటు కిందికొచ్చేది, కబురు పైకి పోయేది ఒక్క కేబుల్‌ల్నే."

హెల్మ్ నవ్వాడు. "బాంబు టబ్‌లో, అదే ఆ పట్టాల మీది బొగ్గు తొట్టెలో, తాడుతో దిగి వస్తుంది. అడుగు తాకగానే ధనాల్!"

అందరూ వెళ్లిపోయారు. ద్వాలి కటకటాలు ఊపింది, తన్నింది, అరిచింది. గోడ అవతల డ్రిల్లు మోత సన్నగా వినిపిస్తోంది. నాన్న అక్కడే, పది గజాల దూరంలో. పిలిస్తే వినపడదు. గూఢచారులకు భయముండదని రాసేవాళ్లను ఒక్కసారి ఆ గదిలో కూర్చోబెట్టాలి!

పైన తాడు కిర్రుమంది. టబ్ బయల్దేరింది.

హెయిర్‌పిన్ పెట్టి సెన్సర్ డబ్బా మూత లేపింది. చిప్, డయోడ్, కెపాసిటర్. ఇలాంటివి కాలనీ క్వార్టర్‌లో చదువుకునే రోజుల్లో తనే బోలెడు అతికింది. కబురు పంపాలంటే చిప్ ఆ రెండు తీగలనూ క్షణంపాటు కలుపుతుంది. ఆ క్షణం కరెంటు అందదు కాబట్టి కెపాసిటర్‌లో దాచుకున్నదానితో బతుకుతుంది. అంటే, తీగలు కలిస్తే చాలు, పైన మోగుతుంది.

నాన్న పనిచేసే గనిలోనూ దారి పొడవునా రెండు తీగలుంటాయి. ఇనప ముక్కతో కలిపితే పైన గంట కొడుతుంది. నడిచే తాడుకు ఒక్క గంట కొడితే అర్థం ఒకటే: ఆపు.

పైన తాడు దించేది గని మనిషైతేనే... కేబుల్ పళ్లతో కొరికింది. రాగి తీగలు ఒక్కసారి తాకించి తీసేసింది.

పైన టబ్ తాడును లాగే హాలేజీ ఇంజను దగ్గర కూర్చున్న జంపయ్య రిటైరైన గని కార్మికుడు. టబ్‌లో పంపు సామాన్లున్నాయని చెప్పి తెచ్చుకున్నారు. బజర్ ఒక్కసారి మోగగానే, ఆలోచనకంటే ముందే ఆయన చెయ్యి బ్రేకు లాగేసింది.

"ఎందుకు ఆపావ్? అది నీళ్ల అలారం!" అరిచాడు హెల్మ్.

"నీళ్లు ఒక్కటి కొట్టి ఊకుంటయా సార్? కింద మనిషి ఉన్నడు."

హెల్మ్ పిస్టల్ ఆయన కణతకు ఆనించాడు. "దించు!"

"కాలుస్తె కాల్చు. ఇరవై ఆరేండ్ల సంది ఒక్క గంటను దాటలేదీ చెయ్యి."

హెల్మ్ ఎవరికీ వీపు చూపించే రకం కాదు. ఆ కోపంలో ఇప్పుడు చూపించాడు. రెండు నెలలుగా సునంద ఎదురుచూస్తున్నది ఆ వీపు కోసమే. ఆమె పిస్టల్ అతని మెడకు తగిలింది. "హ్యాండ్సప్, మిస్టర్ హెల్మ్."

అడవి అంచున పొంచి ఉన్న చీఫ్ మనుషులు మిగతా ముఠాను చుట్టేశారు. టబ్ అడుగుకు ఆరడుగుల దూరంలో పట్టాల మీద ఆగి ఉంది.

"తాతా, జల్దీ పైకి లాగు!" అంది సునంద.

"లాగుమని కిందికెళ్లి గంట రావాలె గదమ్మా."

"నేను చెప్తున్న గద!"

"నువ్వెవ్వరమ్మా? కింద ఉన్నోళ్లు చెప్పాలె."

ఎంత బతిమాలినా కదల్లేదు. చివరికి సునందే హైహీల్స్ చేత పట్టుకుని, తాళంచెవితో నాలుగు వందల మీటర్లు దిగింది.

"కింద గంట కొట్టే మనిషి కావాలనే గద నిన్ను పట్టించిన. డబ్బా చూడుమని చెప్పినందుకు థాంక్స్ లేదా?"

"ముందు తాళం తీయవే తల్లీ," అంది ద్వాలి ఏడుపు ఆపుకుంటూ. తర్వాత లాగమనే గంట కొట్టింది. టబ్ మెల్లగా పైకి కదిలింది.

షిఫ్టు దిగి గేటు బయటికొచ్చిన దేవ్లాను కూతురు గట్టిగా వాటేసుకుంది. ఎంతకీ వదల్లేదు. ఆయన ఆమె ముఖం ఎత్తి చూసి తెల్లబోయాడు.

"హైదరాబాద్‌ల ఏసీ ఆఫీసన్నవు గదనే. ఈ మసేంది బిడ్డా?"

"ఏసీ ఖరాబైంది బాపూ."